అమ్మమ్మ ఎవరి మీదా ఆధారపడదు

పూజ్యురాలైన అమ్మమ్మకి,
నీ మనవరాలు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. ఫోనులో చెబితే మధ్యలో మాట లాక్కుంటావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

యూరప్‌లో నేనుండే ఈ దేశంలో చుట్టపుచూపు వీసా మీద మూడు నెలలే ఉండనిస్తారు. నువ్వు నా దగ్గరే ఉండిపోవాలంటే నివాస అనుమతి కావాలి. దానికి దారులు చాలా ఉన్నాయి. ఉద్యోగానికొకటి, చదువుకొకటి, సొంత ఆదాయం ఉన్నవాళ్ళకొకటి. మనకి సులువైంది కుటుంబం దారి. అంటే, కళ్ళద్దాల కార్ఖానాలో పనిచేసే నేను నిన్ను పోషిస్తాను, నువ్వు నా మీద ఆధారపడతావు.

ఫారం పంపుతున్నాను. పదకొండో ప్రశ్న దగ్గర 'అవును' అని రాయి. నీకు తోడు లేనిదే గడవదని డాక్టరు చేత ఒక కాగితం, ఎరిగినవాళ్ళ చేత ఒక కాగితం రాయించు. అంతే. నా గదిలో కిటికీ పక్కన నీ మంచానికి జాగా కొలిచి ఉంచాను.

ఇట్లు,
నీ మనవరాలు

తా.క.: 'అవును' తర్వాత ఇంకేమీ రాయకు. వాళ్ళు వివరణ అడగలేదు.

*

చిరంజీవి పిడుగుకి,
అమ్మమ్మ దీవెనలు. ఫారం అందింది.

పదకొండో ప్రశ్న ఇలా ఉంది: 'దరఖాస్తుదారు రోజువారీ జీవితానికి ఇతరుల మీద ఆధారపడి ఉన్నారా?' ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకి రేఖాగణితం చెప్పినదాన్ని. రుజువు లేనిది రాయడం నా చేతికి రాదు. 'లేదు' అని రాశాను. కారణాలకి అక్కడ చోటు చాలక వెనక పేజీ వాడుకున్నాను. లిఫ్టు పాడైన వారమంతా మూడంతస్తులూ ఎక్కి దిగానని, రెండో అంతస్తు ఇంజనీరు గారి కూరల సంచీ కూడా నేనే మోశానని ఉదాహరణగా చూపించాను.

మన డాక్టరు నా దగ్గర లెక్కల్లో రెండుసార్లు తప్పినవాడు. 'ఈమెకు తోడు అవసరం' అని గీకి ఇచ్చాడు. "ఏం చూసి తేల్చావురా?" అని అడిగాను. బీపీ చూశాడు, మోకాళ్ళు చూశాడు, తన మోకాలు కూడా ఓసారి తడుముకుని ఆ కాగితం చింపేశాడు. కొత్త దాంట్లో 'ఈమె ఆరోగ్యం నా ఆరోగ్యం కంటే మెరుగు' అని ఉంది.

ఎరిగినవాళ్ళ కాగితం నా తమ్ముడు, అంటే మీ చిన్నతాత, రాశాడు. 'మా అక్క ఎవరి మీదా ఆధారపడదు. చొక్కా గుండీలతో సహా మేమే ఆవిడ మీద ఆధారపడి ఉన్నాం' అన్నాడు. జన్మలో వాడు రాసిన మొదటి నిజం, కాదనలేకపోయాను.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: నీకు పంపితే మారుస్తావని నేరుగా ఆఫీసుకే పంపాను. ఫారంలో నాలుగు తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దాను. మార్కులు మాత్రం వెయ్యలేదు, మొదటిసారి కదా అని.

*

అమ్మమ్మకి,
నమస్కారాలు. ఎంత పని చేశావు.

ఆఫీసు నుంచి నన్ను పిలిపించారు. నీ ఫారం బల్ల మీద పరిచి, "మీ అమ్మమ్మ గారికి ఇక్కడికి రావడం ఇష్టమేనా?" అని అడిగారు. ఇష్టమే అన్నాను. "ఇంత గట్టిమనిషిని ఎందుకు రప్పిస్తున్నారు? ఇంటి పని చేయించుకోవడానికా?" అన్నారు. నా గదిలో ఉన్న పనంతా కలిపి ఒక గిన్నె, ఒక గ్లాసు అని చెప్పినా నమ్మలేదు. నేనేదో నిన్ను ఎత్తుకొస్తున్నట్టు చూశారు.

వచ్చే గురువారం మన ఊళ్ళోని వాళ్ళ కార్యాలయంలో నీకు ఇంటర్వ్యూ. నీ కాళ్ళు పట్టుకుంటాను, కాస్త నెమ్మదిగా నడువు. కూర్చునేటప్పుడు ఒక్కసారి 'అమ్మా' అను. నిన్ను అబద్ధమాడమనడం లేదు, ఆ చలాకీతనం ఒక్క గంట పక్కన పెట్టమంటున్నాను. వీళ్ళు కాదంటే ఈ దారిలో మళ్ళీ ఏడాది దాకా అడగనివ్వరు.

ఇట్లు,
నీ మనవరాలు

తా.క.: తాతయ్య చేతికర్ర అటక మీద ఉంటుంది. అటక నువ్వెక్కకు. ఎవరి చేతైనా తీయించు. ఎక్కినా అక్కడ చెప్పకు.

*

చిరంజీవి పిడుగుకి,
దీవెనలు. ఇంటర్వ్యూ అయింది. బాగా అయింది, నా దృష్టిలో.

నువ్వు చెప్పినట్టే కర్ర తీసుకెళ్ళాను. అక్కడ కిటికీ రెక్క బిగుసుకుపోయి గుమాస్తా అవస్థ పడుతున్నాడు. కర్రతో రెండు దెబ్బలు వేస్తే తెరుచుకుంది. సరిగ్గా అప్పుడే అధికారిణి లోపలికి వచ్చింది.

"మనవరాలి సాయం ఆగిపోతే ఎలా బతుకుతారు?" అంది.

"నిన్నటిదాకా ఎలా బతికానో అలాగే."

"మందులు ఎవరు తెస్తారు?"

"మా తమ్ముడికా? నేనే తెస్తాను."

ఆవిడ కలం కింద పెట్టి, "పోనీ, మీ మీద ఎవరైనా ఆధారపడి ఉన్నారా?" అని అడిగింది. ఇన్ని కాగితాల్లో తెలివైన ప్రశ్న అదొక్కటే. పావుగంట జవాబు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా రాసుకుంది. మంచి పిల్ల, చేతిరాతే బాగాలేదు.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: 'అమ్మా' అని కూడా అన్నాను. సాగనంపుతూ ఆవిడ వేలు తలుపు సందులో పెట్టుకుంది. ఆవిడ తరఫున అన్నాను.

*

అమ్మమ్మకి,
తిరస్కరించారు.

కారణం ఒకే వాక్యం. 'ఆధారపడి ఉన్నట్టు కనిపించలేదు, అందుకు విరుద్ధంగా కనిపించింది.' నీకు సంతోషమేగా. నీ మంచం జాగాలో ఇప్పుడు తడి బట్టలు ఆరేసుకుంటున్నాను.

ఒక్క మాట అడుగుతాను. నీకసలు నా దగ్గరికి రావాలని ఉందా? ఉంటే ఒక్క 'అవును' రాయడానికి ఏమడ్డం వచ్చింది? నీ గొప్ప నీకు ముఖ్యం. నువ్విక్కడ ఉండటం నాకెంత అవసరమో నీకు తెలీదు.

ఇట్లు,
నీ మనవరాలు

తా.క.: కోపంలో రాశాను. చదివి చింపెయ్యి. దిద్ది మాత్రం పంపకు.

*

చిరంజీవి పిడుగుకి,
అమ్మమ్మ దీవెనలు. ముందు కూర్చో. మంచినీళ్ళు తాగు. ఇక భయం లేదు, ఆ మాట నమ్మి తక్కింది చదువు.

నీ కార్ఖానా మూతపడిందని నాకు తెలుసు. నీ పుట్టినరోజున నువ్వు ఫోను తీయకపోతే అక్కడికి చేశాను. యజమాని భార్య మాట్లాడింది. అద్దాలు సానపట్టే యంత్రాలు కూడా అమ్మేశామని ఏడిస్తే నేనే ఓదార్చాను. ఇదంతా నీ మొదటి ఉత్తరానికి పది రోజుల ముందు మాట. పాత జీతం కాగితాలు పెట్టి, వాళ్ళు చూసేలోగా ఇంకో పని దొరక్కపోతుందా అనుకున్నావు. దొరకలేదు. నీ జీతం మీద బతుకుతానని నేను సంతకం పెట్టి, ఆ జీతమే లేదని తేలితే, ఇద్దరికీ తలుపులు మూసేసేవాళ్ళు. అందుకని 'లేదు' అన్నాను. గొప్ప కోసం అన్నానని నువ్వనుకున్నావు, సగం నిజమే.

వాళ్ళ నిబంధనలు నలభై పేజీలూ రెండుసార్లు చదివాను. ఆ పావుగంట జవాబు నీ గురించే. ఉన్నదున్నట్టు చెప్పాను. నీ తొమ్మిదో ఏట నిన్ను నాకు అప్పగిస్తూ కోర్టు ఇచ్చిన కాగితం, నా పెన్షను పుస్తకం ఆవిడ ముందు పెట్టి, సొంత ఆదాయం దారిలో అక్కడే ఇంకో దరఖాస్తు ఇచ్చాను. మొదటి ఫైలు మూస్తే గాని రెండోది తెరవరట. నీకొచ్చిన తిరస్కరణ ఆ మూయడమే. నాకు ముందే తెలిసి ఉంటే నీకు ఇన్ని రోజుల ఏడుపు తప్పించేదాన్ని.

నిన్న అనుమతి వచ్చింది. నాకు సొంత ఆదాయం మీద. నీకు, నా మీద ఆధారపడిన వ్యక్తిగా. ఇరవై అయిదేళ్ళ లోపు చదువుకునే పిల్లల్ని అలా చేర్చుకోవచ్చట. నీకింకా ఇరవై మూడే. కళ్ళ పరీక్షల కోర్సు చదవాలని అనేదానివి కదా, వెళ్ళి చేరు. అప్పుడు ఉద్యోగం పోయిందని దేశం విడిచిపొమ్మనరు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. రావాలని ఉంది. ఎప్పటినుంచో ఉంది. నీ కష్టం నువ్వే చెబుతావని ప్రతి ఉత్తరమూ రెండుసార్లు చదివాను. చెప్పలేదు. ఆ మొండితనం ఎవరి నుంచి వచ్చిందో తెలుసు కాబట్టి గట్టిగా తిట్టలేకపోతున్నాను.

వచ్చే నెల మొదటి వారంలో బయలుదేరుతున్నాను.

ఇట్లు,
నీ అమ్మమ్మ

తా.క.: ఇన్ని నెలలూ ఏం తిని బతికావని ఇందులో అడగడం లేదు. రాస్తే 'బాగానే' అంటావు. వచ్చి, నిన్ను చూసి అడుగుతాను.