గచ్చు మీద ఫార్ములా

చిట్టీ,

పదిమందికి కంప్యూటరు నేర్పే నువ్వు, ఫోనులో మీ అమ్మతో "నీకిది రాదులేమ్మా" అని పెట్టేశావట. ముప్పై ఏళ్ళు బడిలో పనిచేశాను గానీ, క్లాసు వదిలి పారిపోయిన టీచరును ఇప్పుడే చూశాను.

ఆసుపత్రి వంటగదిలో వార్డులవారీగా బియ్యం లెక్క మీ అమ్మదే. కంప్యూటరు షీటులో మనిషికి ఎంత బియ్యమో ఒక గడిలో రాసి, మొదటి వార్డుకు ఫార్ములా వేసి, దాన్నే మిగతా వార్డులకూ కిందికి లాగింది. మొదటి వార్డుకు అన్నం, మిగతా ఎనిమిదింటికీ సున్నా! ఇంకోసారి ఇలా అయితే గిన్నెలు కడగడానికి పంపిస్తానన్నాడు మేనేజరు.

హాల్లో గచ్చు పలకలనే గడులనుకోమన్నాను. ఒక పలక మీద బియ్యం కొలిచే గ్లాసు పెట్టి, మీ అమ్మను పక్క పలక మీద నిలబెట్టి, చెయ్యి చాపి గ్లాసును ముట్టుకోమన్నాను. తర్వాత, "చెయ్యి అలాగే ఉంచి ఒక పలక కిందికి జరుగు" అన్నాను. చెయ్యి ఖాళీ పలక మీదికొచ్చింది.

"అయ్యో అత్తయ్యా, నాతోపాటు చెయ్యీ జరిగిపోతోంది!"

"ఫార్ములాలో ఆ గడి పేరుకు డాలరు గుర్తు పెట్టావంటే, నువ్వెక్కడికి జరిగినా చెయ్యి గ్లాసును వదలదు."

నిన్న తొమ్మిది వార్డులకూ లెక్క సరిపోయింది. ఇక ఆ షీటు మీ అమ్మదేనన్నాడు మేనేజరు. నీకు చెప్పమంటే "దానికి పనులుంటాయి అత్తయ్యా" అని నిన్నే వెనకేసుకొస్తోంది. నువ్వే ఫోను చెయ్యి. ముందు ఆ "రాదులే" వెనక్కి తీసుకుని, తర్వాత కబుర్లు చెప్పు.

మీ నానమ్మ