వాన నీళ్ల తలంటు

కర్దనూర్,
14-7-1992

అమ్మా,

ఇక్కడ అందరం కులాసా. జుట్టు ఊడుతోందని రాశానని కంగారుపడి బయలుదేరకు. నువ్వు పంపిన కుంకుడుకాయలు ఇక్కడి బోరు నీళ్లలో ఎంత పిసికినా నురుగు రాలేదు. తల అట్టకట్టినట్టు అయిపోయింది. కాయలు పాతవేమోనని పారేయబోతే ఇంటి ఓనరు నర్సింహమ్మగారు ఆపారు. "కాయలు మంచిగనే ఉన్నయ్ బిడ్డా, నీళ్లే మంచిగ లెవ్వు. వాన నీళ్లు పట్టుకో" అన్నారు.

నిన్న వాన పడింది. చూరు కింద గంగాళం పెట్టి, ఆ నీళ్లు కాచి తలంటుకున్నాను. మోచేతుల దాకా నురుగు. అది చూసి ఆవిడ ముడి విప్పుకుని నా ముందు పీట వేసుకుని కూర్చున్నారు. "నాకు గూడ జెర రుద్దు. మా బాయి నీళ్లు ఖరాబైనంక కుంకుడుకాయ ముట్టలే" అన్నారు. మిగిలిన కాయలన్నీ ఆవిడ తలకే అయిపోయాయి.

వానలు తగ్గేలోగా రెండిళ్లకు సరిపడా పంపు. చెల్లికి చుండ్రు తగ్గిందా? పుల్ల పెరుగు పట్టించమను. నాన్నగారికి నమస్కారాలు. పంపేముందు మన నూతి నీళ్లు ఇంకా బాగున్నాయో లేదో, వాటిలో ఒక కాయ పిసికి చూడు. నురుగు వచ్చిందో లేదో ఉన్నదున్నట్టు రాయి.

వీరలక్ష్మి