ఇంకా దొరకలేదా

మార్చి 4, సాయంత్రం

దొరికారు. ముందు ఆ ముక్క రాసేయాలి. మావయ్య దొరికారు.

పొద్దున నేను డెంటల్ క్లినిక్‌లో డ్యూటీకి బయల్దేరే హడావుడిలో ఉన్నాను. మా ఆయన నైట్ షిఫ్టు చేసొచ్చి గుర్రు పెడుతున్నారు. ఆ సందులో మావయ్య తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషికి మా ఇంటి గొళ్ళెం ఒక లెక్కా. మతిమరుపు జబ్బు మా అందరి పేర్లూ ఊడ్చుకుపోయింది గానీ, ఆ చేతుల జోలికి మాత్రం పోలేదు.

వీధులన్నీ గాలించి, కాళ్ళు పీక్కుపోయాక వసారాలో పోస్టు పెట్టాను. వసారా అంటే నేను నడిపే సోషల్ నెట్‌వర్క్ సర్వర్. మా మావయ్యగారు కనబడటం లేదు, చూసినవాళ్ళు దయచేసి చెప్పండి, ఇదీ నా నంబరు. ఫోటో ఆయన డ్యూటీ రోజులది. నీలం యూనిఫాం, టోపీ, నల్లటి మీసం. ఈమధ్య తీసిన ఒక్క ఫోటోలోనూ కెమెరా వైపు చూడలేదు, నేనేం చెయ్యను. ఎవరెవరో షేర్ చేశారు. మెయిన్ రోడ్డు అవతల ఒక ఆఫీసు బిల్డింగులో రిసెప్షనిస్టు అది చూసి ఫోన్ చేసింది. పరుగెత్తుకెళ్ళాం. మావయ్య లిఫ్టు తలుపుకి చెవి ఆనించి, లోపల రోలర్ అరిగిందని ఆ అమ్మాయికి చెబుతున్నారు.

అంత సంతోషంలోనూ నేను చేసిందేమిటి? తిట్టాను. అందరి ముందూ చెడామడా తిట్టాను. తల దించుకుని విన్నారు. ఎందుకు తిడుతున్నానో ఆయనకి తెలిసి ఉండదు. తిడుతున్నానని మాత్రం తెలిసింది.

మార్చి 5

పోస్టు కింద రిప్లై పెట్టాను. దొరికారు, అందరికీ థాంక్స్ అని. ఇంక హాయి.

మార్చి 8

హాయీ లేదు, పాడూ లేదు. పొద్దుటి నుంచి ఫోన్లే. ఇంకా దొరకలేదా అని ఒకరు. రైల్వే స్టేషన్లో చూశామని ఒకరు. ఒకాయనైతే బస్సులో ఎవరి వెనకాలో కూర్చుని, మీసం అచ్చం ఇదేనమ్మా, లైన్లో ఉండండి, దిగగానే పట్టుకుంటాను అంటాడు. బాబ్బాబూ, ఆయన్ని వదిలేయండి, మా మావయ్య ఇంట్లోనే ఉన్నారని బతిమాలుకున్నాను. డాక్టరమ్మ డ్రిల్లు ఆపి నా వైపు చూసింది. కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్న పేషెంటు కూడా కళ్ళు తిప్పి చూశాడు.

అందరూ మంచివాళ్ళే, అదీ నా ఖర్మ. విసుక్కోవడానికి కూడా వీల్లేదు.

మార్చి 9

తమ్ముడు ఫోన్ చేశాడు. వసారా కోడ్ పని వాడిది, పెత్తనం నాది. సర్వర్ మా హాల్లో చెప్పుల స్టాండు పైన చిన్న డబ్బాలో ఉంటుంది. ఇలాంటివి ఎక్కడెక్కడో ఉన్నాయి. ఎవరిల్లు వాళ్ళదే, తలుపులు మాత్రం అందరికీ తెరిచే ఉంటాయి. ఇక్కడ రాసిన పోస్టు అక్కడి ఇళ్ళలోకి కాపీ అయి వెళ్తుంది. నా పోస్టు ఊరూరూ తిరుగుతోంది, నా రిప్లై మాత్రం గడప దాటలేదు. షేర్ చేసిన పోస్టు కిందికి పోయి ఎవరు చదువుతారు?

ఎడిట్ ఆన్ చెయ్యక్కా అంటాడు. పోస్టులోనే దొరికారని మారిస్తే, ఆ మార్పు కాపీలున్న చోటికల్లా వెళ్తుందట. చాలా సర్వర్లు మార్చుకుంటాయి, కొన్ని మొండివి మార్చుకోవు. పోనీ డిలీట్ చేద్దామా అంటే, వెతుకుతున్నవాళ్ళకి కబురే అందదు. పోస్టు మాయమైతే మనిషే పోయాడనుకుంటారు. అది నా వల్ల కాదు.

ఎడిటూ నా వల్ల కాదు. దాన్ని ఆపించిందే నేను. అప్పట్లో ఎవడో వాళ్ళ పాపకి మొదటి పన్ను వచ్చిందని ఫోటో పెట్టాడు. అందరం మురిసిపోయి లైకులు కొట్టాం, షేర్లు చేశాం. కొన్నాళ్ళకి వాడు అదే పోస్టు మార్చి, మా సంగీతం టీచర్ గురించి రాయకూడని రాతలు రాశాడు. కింద మా అందరి పేర్లూ చప్పట్లు కొడుతున్నట్టు అలాగే ఉన్నాయి. ఆవిడ దగ్గర పాట నేర్చుకునేవాళ్ళ పేర్లు కూడా. టీచర్ చాలా కాలం వసారా మొహం చూడలేదు. అందుకే రూల్ పెట్టాను. అన్న మాట అన్నట్టే ఉండాలి, నచ్చకపోతే డిలీట్ చేసుకో. ఇప్పటికీ అదే అంటాను.

తమ్ముడు నన్ను మొండిఘటం అన్నాడు. ఠపీమని ఫోన్ పెట్టేశాను.

మార్చి 11

ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. పాపం తగులుతుందేమో.

మార్చి 15, మధ్యాహ్నం

మావయ్య లేరు. ఆయన చూసే ట్యాబ్ కూడా లేదు. సైలెంట్‌లో ఎన్ని మిస్డ్ కాల్సో, అన్నీ కొత్త నంబర్లే. ఏది ఇవాళ్టి మావయ్య గురించో, ఏది ఆ రోజు మావయ్య గురించో తెలిసి చావదు. మళ్ళీ పోస్టు పెట్టాలి అనుకుని ఆగిపోయాను. పాతదే ఇంకా తిరుగుతోంది. బండి తాళాలు దొరికాయి, వెళ్తున్నాను.

మార్చి 15, సాయంత్రం

దొరికారు. అదే బిల్డింగు, అదే లిఫ్టు. కానీ ఇది వేరే.

ట్యాబ్‌లో ఆయన లిఫ్టుల వీడియోలు చూస్తుంటారు. అందులో నా అకౌంటే ఉంది. ఎవరో పుణ్యాత్ములు మళ్ళీ షేర్ చేసిన పోస్టు కళ్ళబడింది. తప్పిపోయిన పెద్దాయన, నీలం యూనిఫాం. చూసి ఊరుకోలేకపోయారు. ట్యాబ్ చంకలో పెట్టుకుని ఆయన్ని వెతకడానికి బయల్దేరారు.

నేను వెళ్ళేసరికి లాబీలో వచ్చేపోయే ప్రతివాళ్ళకీ ట్యాబ్ చూపించి, ఈయన్ని చూశారా అని అడుగుతున్నారు. వాళ్ళు ఫోటో చూస్తున్నారు, ఆయన మొహం చూస్తున్నారు, మళ్ళీ ఫోటో చూస్తున్నారు. ఒకాయన నవ్వబోయి ఆగిపోయాడట. రిసెప్షనిస్టు అప్పటికే నాకు చాలాసార్లు ఫోన్ చేసింది. సైలెంట్.

నన్ను చూడగానే దగ్గరికి వచ్చారు. నా పేరు తెలియదు, తెలిసినదాన్నని మాత్రం తెలుసు. "అమ్మాయ్, మా డిపార్ట్‌మెంట్ మనిషే. లిఫ్టు ఉన్న చోటికి తప్పకుండా వస్తాడు. ఇంట్లోవాళ్ళు ఎంత కంగారు పడుతున్నారో పాపం."

పదండి, నేనూ వెతుకుతానన్నాను. ఇద్దరం లిఫ్టు ఎక్కాం. ప్రతి ఫ్లోర్‌లోనూ దిగి, వరండా ఆ చివరి దాకా చూసి, మళ్ళీ ఎక్కాం. పై ఫ్లోర్‌కి చేరేసరికి నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా భుజం తట్టి, దొరుకుతాడులే, ఏడవకు అన్నారు.

మార్చి 16

తమ్ముడికి ఇంకా చెప్పలేదు. ముందు టీచర్‌కి ఫోన్ చేశాను. ఆవిడ వద్దంటే ఎడిట్ ఆన్ చెయ్యకూడదని తేల్చుకునే చేశాను.

అంతా విన్నారు. తర్వాత మెల్లగా చెప్పారు. ఆ రోజు తనకి గుండె పగిలింది ఆ రాతలకి కాదట, తన స్టూడెంట్ల పేర్లు దాని కింద చూసి. వాళ్ళకేమో మారిన సంగతే తెలియదు. కాబట్టి ఎవరైనా పోస్టు మారిస్తే, లైకు కొట్టినవాళ్ళకీ షేర్ చేసినవాళ్ళకీ వెంటనే కబురు వెళ్ళాలి. పాత మాట ఒక్క నొక్కుతో ఎవరికైనా కనబడాలి. ఇష్టం లేనివాళ్ళు పేరు వెనక్కి తీసుకునే వీలుండాలి. ఆ మాత్రం చెయ్యగలరు కదా అని అడిగారు. చేస్తామన్నాను.

"అయితే ఇంకా ఆలస్యమెందుకు? ముందు మీ మావయ్యగారిది మార్చండి," అన్నారు.

ఇన్నాళ్ళూ ఆవిడ తరఫున వకాల్తా పుచ్చుకుని అందరితో పోట్లాడాను. ఆవిడకేం కావాలో అడిగింది మాత్రం ఇవాళే.

మార్చి 17

తమ్ముడికి చెప్పాను. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేశాడు. ఆ తర్వాత పనిలో కూర్చున్నాడు, బంగారు తండ్రి.

మార్చి 21

ఎడిట్ ఆన్ అయింది. మొదటి ఎడిట్ నాదే. కనబడటం లేదు అన్న చోట ఇలా రాశాను: దొరికారు, ఇంట్లోనే ఉన్నారు. షేర్ చేసినవాళ్ళందరికీ కబురు వెళ్ళింది. ఎక్కడెక్కడి నుంచో హమ్మయ్యలు వచ్చి పడుతున్నాయి. బస్సులో మీసం చూసి ఫోన్ చేసినాయన కూడా రాశాడు. ఆ రోజు వెంటపడ్డ పెద్దమనిషికి సారీ చెప్పాడట, ఇద్దరూ కలిసి టీ తాగారట. మొండి సర్వర్లు కొన్నింటిలో మావయ్య ఇంకా తప్పిపోయే ఉన్నారు. వాటి సంగతి తర్వాత చూడాలి. ఫోన్ సైలెంట్‌లోంచి తీసేశాను.

పొద్దున కాఫీ ఇస్తుంటే మావయ్య అడిగారు, ఆ పెద్దాయన సంగతేమైందని. ట్యాబ్ తెచ్చి చూపించాను. కూడబలుక్కుని చదివారు. రెండోసారి చదివారు. కుర్చీలో వెనక్కి వాలారు. మొహం ఎంత తేటపడిందో. ఎవరో మంచివాళ్ళు తెచ్చి దించి ఉంటారన్నారు. అవునన్నాను.

కాఫీ అయ్యాక ట్యాబ్ నా చేతికిచ్చి, వాళ్ళింటివాళ్ళకి ఒక మాట రాయగలవా అని అడిగారు. రాస్తాను, చెప్పండి అన్నాను.

"ఇంటికొచ్చిన మనిషిని తిట్టొద్దని చెప్పు. భయపడతాడు."

మార్చి 22

మళ్ళీ ఎడిట్ చేశాను. ఇప్పుడు ఇలా ఉంది: దొరికారు, ఇంట్లోనే ఉన్నారు. ఇంకెప్పుడూ తిట్టను.