మరియమ్మ వంటింటి మూల

శనివారం, రాత్రి.

బావను తలుచుకుంటేనే ఒళ్లు మండుతోంది. పొద్దున అక్కను వెంటబెట్టుకొని వచ్చి, కొత్తగా కొన్న జాగ నక్షా నా ముందు పరిచాడు. ఈశాన్యంలో పక్కింటి మరియమ్మ వంటిల్లు జాగలోకి పొడుచుకొచ్చినట్టుంది.

"గీ లోపటికి వచ్చిన మూలను లెక్కలల్ల ఏమంటరు మరదలా?"

పరావర్తన కోణం అన్నాను. మీ వైపు నుంచి రెండువందల డెబ్బై డిగ్రీలు, అలాంటి మూల ఉండటం తప్పేమీ కాదనీ చెప్పాను. ఆ రెండో మాట అతనికి ఎక్కలేదు.

సాయంత్రం బడి నుంచి వస్తుంటే మరియమ్మ ఆపింది. "నీ బావ వచ్చిండు బిడ్డా. మీ మూల మా జాగల చొచ్చింది, లెక్కల టీచరే చెప్పింది, వంటిల్లు కూలగొట్టుమన్నడు. నువ్వు గట్లన్నవా? గది మా బాపు కట్టిన గోడ, ఎన్నడూ జరగలే."

బావకు ఫోన్ చేశాను. "ఈశాన్యం తెగిందని వాస్తు పంతులు అన్నడు. నువ్వు జర నోరు మూసుకో" అన్నాడు.

నా పాఠంతో ఆమె గోడ కూల్చాలనుకుంటూ, నన్నే నోరు మూసుకోమంటాడా?

రేపు ఆమె చర్చి నుంచి వచ్చాక పెద్దమనుషులు కూర్చుంటారట. నేనూ పోతాను. అందరి ముందు బావ చేతికి కోణమానిని ఇచ్చి, మరియమ్మ పొయ్యి దగ్గర నిలబెట్టి అదే మూలను కొలవమంటాను. అక్కడి నుంచి అది తొంభై డిగ్రీలే. ఎవరిలోకీ చొచ్చుకురాని మామూలు మూల.

పొద్దున అక్క బావ పక్కనే కూర్చుంది. రేపటి తర్వాత నాతో మాట్లాడదేమో...