పొగలేని బొగ్గు

సర్వజిత్తు, పుష్య శుద్ధ విదియ
నేను చెప్తున్న, మనుమరాలు రుక్కమ్మ రాస్తున్నది. దానికి నెలలు నిండినయ్. నాకు భయమైతున్నది.
మొన్న కార్తీకంల మూల అర్రల పురుడైన చిన్నకోడలు బాలమ్మ, పుట్టిన గుడ్డు — ఇద్దరు పోయిన్రు. ఊర్లు దోచే తుపాకులోళ్లు తిరుగుతున్నరని కిటికీకి మేకులు కొట్టిన్రు. చలని లోపల బొగ్గుల కుంపటి పెట్టిన్రు. పొద్దుగాల తలుపు తీస్తే నిద్రపోయినట్టే ఉన్నరు. మొఖాలు ఎర్రగ...

తదియ
ఊరంత ఒకటే మాట — ముసల్ది "కిటికీ తియ్యున్రి" అని ఒర్లింది, దాని నోరు తగిలింది. నా నోరంట! పండ్లే లేని నోరు.

చవితి
రుక్కమ్మను గూడ ఆ అర్రలనే పండబెడ్తరంట. "కిటికీ తీస్తే తుపాకులోళ్లను నువ్వు ఆపుతవా అవ్వా?" అన్నడు కొడుకు మల్లయ్య. వాళ్ల పేరింటె నేను గూడ వణుకుత.

పంచమి
తమలపాకులల్లకు సున్నం నానబెడ్త గద. పైన తేరిన నీళ్లు పొయ్యికాడ ఉంటె తెల్లటి పొర కడ్తది. పెరట్ల పెడితె అంత కట్టది. చిన్నప్పటి సంది చూస్తున్న. అది నిప్పు ఇడిసే ఊపిరి కావొచ్చు... కొలుస్త.

షష్ఠి
ఖాళీ కొట్టుల పిడకలు కాల్సిన, పక్కన సున్నపుతేట గిన్నె పెట్టి తలుపేసిన. పొగకు కండ్లు మండినయ్. పొర పల్చగనే.

సప్తమి
అంతే బరువు తుమ్మకట్టె. పొర జర మందం.

అష్టమి
లింగంపల్లి రైలుకట్టకాడ ఏరిన రాతిబొగ్గు. ఇంక మందం.

నవమి
కట్టెబొగ్గు, అదే బరువు. పొగే లేదు. తేట మీద పాలమీగడ తీరుగ కట్టింది.
బాలమ్మను మింగింది ఈ ఊపిరే కావొచ్చు. పొగొస్తె దగ్గి లేస్తం. ఇది సప్పుడు జెయ్యది.

ఏకాదశి
నాలుగు గిన్నెలు పెట్టి అందర్ని పిలిచిన. మల్లయ్య నవ్విండు — "సున్నానికేం తెలుసే అవ్వా." మంత్రసాని ఎల్లమ్మ నవ్వలే. ఎనక్కి జరిగింది. "గిన్నెలల్ల ఏం పెట్టినవమ్మా? బాణామతా?"
సాక్ష్యం తెస్తె అదే నేరమైంది.

ద్వాదశి
పురిటి అర్ర గడప తొక్కద్దన్నడు మల్లయ్య. నా మొఖం సూడకుంటనే.

త్రయోదశి
అందరు చేనుకు పోయిన్రు. కిటికీ మేకులు పీకిన, సందులల్ల గుడ్డ కుక్కిన. లోపలినుంచి ఆ గుడ్డ గుంజితె తెర్సుకుంటది.
బయటినుంచి నెట్టినా తెర్సుకుంటది. తుపాకులోళ్లొస్తె ఆ పాపం నాదే. ఎవ్వరికి చెప్పలే, రుక్కమ్మకు తప్ప.

చతుర్దశి
రుక్కమ్మకు నొప్పులు మొదలైనయ్, ఇంక అర్రలకు తోల్కపోలే. అక్షరాలు వంకర పోతున్నయంట, అయినా కలం ఇడుస్తలేదు. వాకిట్ల ఎల్లమ్మ కుంపటి రాజేస్తున్నది. కట్టెబొగ్గే.
"నిద్రొచ్చినట్టుంటె గుడ్డ గుంజు బిడ్డా" అన్న.
"నిద్రొచ్చినంక యాదుంటదా బాపమ్మా?"
ఎల్లమ్మ దాన్ని అర్రలకు పిలుస్తున్నది, కలం —