అన్న గిటారు

అన్నా,

అమ్మానాయనా నిన్ను ఆస్పత్రి నుంచి తీసుకొచ్చేసరికి నేను చిట్టమూరు బళ్లో పాఠం చెబుతుంటాను. తాళంచెవి పక్కింటి రెబెక్కమ్మత్తకు ఇచ్చినాను. మజ్జిగ ఉట్టి మీద ఉంది. కట్టు తడవనీయకు.

నీ గిటారు గోడకే ఉంది. "ఎడమచేతి వేళ్ళు మూడూ మిల్లు బెల్టులో పోయినాక అది వాడి కంటబడితే ఎట్లా? దాచెయ్యే పుష్పా" అని అమ్మ ఏడ్చింది. నాకు చేతులు రాలేదు. మద్రాసులో నిగనిగలాడేవన్నీ వదిలేసి, గీతలు పడిన ఈ చవకదాన్నే ఏరుకున్నావు. "తీగలు చెక్కకు దగ్గరగా ఉండాయి, కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇదే మేలు. వేళ్ళు కాయగట్టేదాకే నొప్పి" అన్నావు. ఏడాది పాటు ఓర్చుకుని కాయగట్టించుకున్న వేళ్ళే పోయినాయి గదన్నా. ఆ మిల్లు పని వద్దు మొర్రో అంటే విన్నావా?

ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా తీగలకు నూనె రాసినాను. అన్నం తిని పడుకో.

పుష్పకుమారి

ఇంకొక మాట. నీ కుడిచెయ్యి బాగానే ఉంది గదా. నువ్వు మీటు. ఏ తీగ ఎక్కడ నొక్కాలో చెప్తే నేను నొక్కుతాను. మధ్యలో నేను ఏడిస్తే, వేళ్ళ నొప్పికేననుకో.