డాల్ఫిన్ మొక్కు

విశాఖపట్నం,
ఫిబ్రవరి మొదటి వారం.

చెల్లి కోటిరత్నానికి అక్క లక్ష్మీదుర్గ ఆశీస్సులు.

ఇకమీదట మనం ఉత్తరాలే రాసుకుందాం. ఫోనులో నీ మాట నాకు సగమే వినబడుతోంది. మొన్న నువ్వు కోత అయిందంటే, బుల్లయ్య మరిదికి ఆపరేషన్ అయిందనుకుని ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించాను. తీరా చూస్తే అది మిరప కోత. కాగితం మీద రాసుకుంటే ఇలాంటి పొరపాట్లకు తావుండదు.

మేము ఈ ఊరొచ్చి ఇన్నేళ్ళయింది, నువ్వు ఒక్కసారి కూడా రాలేదు. ఈసారి ఇద్దరూ రండి. కైలాసగిరికి తీగమీద వేలాడే పెట్టెలో తీసుకెళ్తాను. ఒడ్డున పెట్టిన సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళి చూడొచ్చు. రుషికొండ దగ్గర కాళ్ళు తడుపుకుందాం. అన్నిటికంటే ముఖ్యం డాల్ఫిన్ ముక్కు. అది చూడకుండా మిమ్మల్ని రైలెక్కనివ్వను.

నీ రాక కోసం చూస్తూ,
అక్క.

తా.క.: మీ బావగారు పోర్టులో రిటైరయ్యాక రోజూ బీచికెళ్ళి ఓడలు లెక్కపెడుతున్నారు. ఒకటి తగ్గితే ఇంటికొచ్చి నన్నడుగుతున్నారు.

*

పెదనందిపాడు,
ఫిబ్రవరి.

అక్కయ్యకు కోటిరత్నం నమస్కరించి రాసేది.

నీ ఉత్తరం కల్లంలో కాయ ఎగదోస్తున్న ఆయనకు చదివి వినిపించాను. ఒకసారి వెళ్దామా అండీ అని అడిగాను కూడా. అడిగాక నాకే సిగ్గేసింది.

తీగమీద పెట్టె అంటే, కాకులు కూర్చునే చోట మనకేం పని అన్నారు. సబ్‌మెరైన్ అంటే, నీళ్ళలో మునగాల్సింది ఒడ్డెక్కిందంటే పాడైపోయినట్టేగా అన్నారు. కడకు డాల్ఫిన్ మొక్కు సంగతి చదివితే పార పక్కన పెట్టారు. "మొక్కుంటే వెళ్ళక తప్పదుగా" అన్నారు. మా ఇంటి సంగతి నీకు తెలుసు. మొక్కు లేనిదే ప్రయాణం లేదు. సింగరాయకొండ నరసింహస్వామి దగ్గరికైనా మొక్కుంటేనే వెళ్ళాం.

నా మనసులో మాట నీకొక్కదానికే చెబుతున్నాను. చీరాలలో సముద్రం చూశాను గాని అక్కడ ఒడ్డు, నీళ్ళు ఒకే ఎత్తులో ఉంటాయి. కొండమీద నిలబడి కిందనున్న సముద్రాన్ని ఒక్కసారి చూడాలని చిన్నప్పటినుంచీ కోరిక.

డాల్ఫిన్ అమ్మవారా, అయ్యవారా? పేరు వింటే దొరల కాలంలో వెలిసినట్టుంది. ఏ వారం మంచిది? ఉపవాసం ఉండాలా?

నీ జవాబు కోసం కాచుకుని,
కోటిరత్నం.

తా.క.: నైవేద్యానికి ఉల్లి, వెల్లుల్లి పనికొస్తాయో లేదో రాయి.

*

విశాఖపట్నం,
ఫిబ్రవరి.

పిచ్చి చెల్లికి,

మొక్కు కాదే, ముక్కు! నేను కొమ్ము ఇస్తే నీ కళ్ళకు ఒత్వం కనబడింది. అది కొండ. డాల్ఫిన్ చేప మూతి ముందుకు చాచినట్టు సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంటుంది. దానిమీద లైట్‌హౌస్ ఉంది. అమ్మవారు లేదు, అయ్యవారు లేడు, ఉపవాసం అసలే లేదు.

మరిదికి ఇప్పుడే చెప్పెయ్యి. ఆలస్యం చేస్తే చిన్న ముక్కు పెద్ద తలనొప్పి అవుతుంది.

నవ్వి నవ్వి అలిసిన
అక్క.

తా.క.: మీ బావగారు పొద్దున్నించీ అద్దం ముందు నిలబడి తన ముక్కుకే దణ్ణం పెట్టుకుంటున్నారు.

*

పెదనందిపాడు,
ఫిబ్రవరి నెలాఖరు.

అక్కయ్యకు,

నీ ఉత్తరం రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. పక్క చేను సుభానీ, "దేవుడి పని గదన్నా, మీరు పోయి రండి, కల్లం నేను చూసుకుంటా" అని మాటిచ్చాడు. వీధిలో ఆడవాళ్ళు పసుపు, కుంకుమ, గాజులు, రవికెల గుడ్డలు పంపారు. ఈయన క్షౌరం మానేశారు. డాల్ఫిన్ అమ్మవారికి తలనీలాలు ఇస్తారట.

నిజం చెబుదామని కల్లంలోకి వెళ్ళాను. "ఏవండీ, అక్క ఉత్తరం రాసింది" అన్నాను.

"మొక్కు గురించేనా?" అన్నారు.

"దాని గురించే."

"అయితే సరే. తెనాలిలో రైలెక్కేటప్పుడు నీకు కిటికీ పక్క సీటు చెప్పాను" అన్నారు.

ఉత్తరం మడిచి కొంగున ముడేసుకుని వచ్చేశాను. ముక్కంటే ఈ ప్రయాణం ఆగిపోతుందక్కా. పొద్దున పూజలో లెంపలు వేసుకున్నాను. స్వామీ, నేను అబద్ధం ఆడలేదు, చదవడంలో తప్పాను, ఆ తప్పు కొన్నాళ్ళు అలాగే ఉండనివ్వు అని వేడుకున్నాను. దీపం కొండెక్కలేదు. ఒప్పుకున్నాడనే అనుకుంటున్నాను.

నువ్వే దారి చూపించాలి.

భయంతో, ఆశతో,
కోటిరత్నం.

తా.క.: ఎదురింటి రాగసుధ అమ్మవారికని ముక్కుపుడక పంపింది. వచ్చినవాటిలో ఇదొక్కటే సరైన చిరునామాకు చేరేట్టుంది.

*

విశాఖపట్నం,
మార్చి.

కోటిరత్నానికి,

నీ ఉత్తరం చదివి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కొండమీద చాలా చోటు నేవీ వాళ్ళది. తుపాకులు పట్టుకున్నవాళ్ళ ముందు మరిది తల వంచి గుండు చెయ్యమంటే ఏమవుతుంది?

బాగా ఆలోచించి ఒక ఏర్పాటు చేశాను. ముందు సింహాచలం వెళ్దాం. తలనీలాలు, పసుపు, గాజులు, ముక్కుపుడకతో సహా అన్నీ అక్కడ సమర్పిద్దాం. డాల్ఫిన్‌కు చెందినవి ముందుగా అప్పన్నకు ఇవ్వడం ఈ ఊరి ఆచారమని చెబుతాను. పాపం ఉంటే అక్కచెల్లెళ్ళం చెరిసగం పంచుకుందాం. ఆ తర్వాత కొండెక్కి నీ సముద్రం చూద్దువు గాని.

కానీ కొండమీద అమ్మవారేరని అడిగితే జవాబు నువ్వే చెప్పుకోవాలి. నా తెలివి సింహాచలం దాకానే.

రండి, ఏదైతే అదవుతుంది.
అక్క.

తా.క.: పూజారిగా నటిస్తానని మీ బావగారు ముందుకొచ్చారు. గంట దాచేశాను.

*

పెదనందిపాడు,
మార్చి నెలాఖరు.

అక్కయ్యకు, బావగారికి కోటిరత్నం నమస్కారాలు.

క్షేమంగా చేరాం. సుభానీ కల్లాన్ని కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాడు. ఆయన గుండు చూసి వీధిలో అందరూ చేతులు జోడించారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

లైట్‌హౌస్ దగ్గర నీకు ఆయాసం వచ్చి కింద కూర్చున్నావు గదా. పైన ఏం జరిగిందో చెప్పడానికి ఇంట్లో వీలు కుదరలేదు. అంత నీలం నేనెప్పుడూ చూడలేదక్కా. ఓడలు పిల్లలు నీళ్ళలో వదిలిన కాగితం పడవల్లా ఉన్నాయి. చూస్తుంటే కళ్ళు తిరిగి ఆయన చెయ్యి పట్టుకున్నాను. అంత మంచి మనిషిని మోసం చేశానే అని కళ్ళనీళ్ళు వచ్చాయి.

"ఏవండీ, ఇక్కడ అమ్మవారు..." అని మొదలుపెట్టాను.

"ముందు సముద్రం చూడవే. అమ్మవారు ఎక్కడికీ పోదు" అన్నారు.

మళ్ళీ ఆ ఊసే ఎత్తలేదు. చెప్పేయనా అక్కా? లోపల ముల్లులా గుచ్చుకుంటోంది.

నీ చెల్లి,
కోటిరత్నం.

తా.క.: కవరు అతికించి పోస్టులో వెయ్యమని ఆయనకిస్తున్నాను. ఆయన ఎవరి ఉత్తరాలూ చదవరులే.

తా.క. రెండు: వదినగారికి బుల్లయ్య నమస్కారాలు. క్షమించాలి, చదివాను. మీ మొదటి ఉత్తరం కూడా చదివాను. మీ చెల్లెలు దాన్ని కల్లంలో మరచిపోయి వెళ్ళింది. మీ అక్షరాలు మినపగింజల్లా ఉన్నాయి, అది ముక్కేనని ఆ రోజే తెలిసింది. కాయ కల్లంలో ఉండగా పెళ్ళాన్ని షికారుకు తీసుకెళ్తున్నానంటే ఈ ఊరు నన్ను బతకనివ్వదు. మొక్కంటే ఊరే సాగనంపింది.

గుండు మాత్రం ఉత్తదనుకోకండి. మీ చెల్లెలు కాపురానికొచ్చిన దగ్గర్నించీ నన్ను ఇది కావాలని అడిగిన పాపాన పోలేదు. ఒక్కసారి నోరు తెరిచి అడిగితే తలనీలాలిస్తానని దేవుడికి ఎప్పుడో మొక్కుకున్నాను. మొన్న కల్లంలో అడిగింది.